నవ్వించే టోపీ అల్లుకోవచ్చా?



చలికాలంలో పెట్టుకునే ఊలు టోపీకి పిల్లి చెవులు పెడతారు. కప్ప కళ్ళు కుడతారు. నెత్తిన జామకాయంత కుచ్చు బంతి వేలాడేస్తారు. ఇవన్నీ చలిదేశాల అల్లికలు. ఇప్పుడు మన అమ్మమ్మలు కూడా, పిల్లలు అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో స్థిరపడ్డాక, ఫోన్లో వీడియోలు చూసి అల్లిక సూదులు పడుతున్నారు. బాగానే ఉంది, ఇందులో ధమ్మం దాకా వచ్చే సంగతి ఏముంది అంటారా? ఉంది. ఇలాంటి టోపీ ఒకటి విహార్‌కి వచ్చే పిల్లవాడి తలమీద కనబడితే చాలు, మన పెద్దల్లో ఎవరో ఒకరు అంటారు: "బాబాసాహెబ్ మనల్ని తలెత్తుకు నడవమంటే మీరు బిడ్డల్ని కోతుల్ని చేస్తారేంటమ్మా?"

ఈ మాటని ముసలివాళ్ళ చాదస్తం అని తోసెయ్యడానికి లేదు. దాని వెనక మన తలల చరిత్ర ఉంది.

1928లో ఇండోర్ జిల్లాలోని కొన్ని గ్రామాల సవర్ణులు, పటేళ్ళతో పట్వారీలతో కలిసి, అక్కడి బలాయి కులస్తులకి ఒక కట్టడి పెట్టారు. అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో దాన్ని వివరంగా రాశారు. ఆ ఊళ్ళలో బతకాలంటే బలాయిలు జరీ అంచు తలపాగా చుట్టుకోకూడదు. రంగు అంచు పంచె కట్టకూడదు. ఆడవాళ్ళు వెండి బంగారాలు పెట్టుకోకూడదు. హిందువుల పెళ్ళి ఊరేగింపు ముందు మాత్రం వాళ్ళు వాయించి తీరాలి! చూడండి, రెండు కట్టడులూ ఒకే కాగితం మీద ఉన్నాయి. నీ తలమీద నీకు ఇష్టమైన గుడ్డ ఉండకూడదు, కానీ మా వేడుకకి మాత్రం నువ్వు సందడి చెయ్యాలి. మన ఊళ్ళలో దొర ఎదురైతే తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని, చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డ తాతల గురించి ఎవరూ పుస్తకాల్లో చదవక్కర్లేదు. ఇళ్ళలో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. సినిమాల్లో నవ్వు పుట్టించడానికి ఎవరి యాస, ఎవరి కట్టూబొట్టూ వాడుకున్నారో కూడా మనకి తెలుసు. అందుకే మన పెద్దలకి నవ్వులాట అంటే భయం. వాళ్ళు చూసిన నవ్వు ఎప్పుడూ వాళ్ళమీదే పడింది.

ఇక రెండో వైపు. ఇంగ్లండ్‌లో 1571లో ఒక చట్టం వచ్చింది. ఆరేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ ఆదివారాల్లో, పండగ రోజుల్లో ఇంగ్లండ్‌లోనే తయారైన ఊలు అల్లిక టోపీ పెట్టుకోవాలి, లేకపోతే జరిమానా. టోపీలల్లే వాళ్ళకి పని కల్పించడం కోసం పెట్టిన చట్టం అది. అయితే ప్రభువులకీ, పెద్దింటి వాళ్ళకీ మినహాయింపు. దాంతో ఏమైందంటే, తలమీద ఊలు టోపీ ఉంటే వీడు కిందివాడు అని దూరం నుంచే తెలిసిపోయేది. 1597లో ఆ చట్టాన్ని ఎత్తేశారు. బలాయిలకి తలపాగా వద్దన్నారు, ఇంగ్లండ్ పేదలకి టోపీ పెట్టుకోమన్నారు. ఒకటి నిషేధం, ఒకటి ఆజ్ఞ. రెంటిలోనూ తల ఒకడిది, నిర్ణయం ఇంకొకడిది.

నార్వే కథ ఇంకా ముచ్చటైనది. అక్కడి జానపద కథల్లో పొలాలకీ పశువుల కొట్టాలకీ కాపలా ఉండే ఒక మరుగుజ్జు ఉంటాడు, ఎర్రటి కోసు టోపీ పెట్టుకుని. పిల్లలకి అలాంటి టోపీలు అల్లిపెట్టడం వాళ్ళకి మామూలే. 1940లో హిట్లర్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించాక పెద్దవాళ్ళు కూడా ఆ ఎర్ర టోపీలు పెట్టుకుని వీధుల్లో తిరగడం మొదలెట్టారు. నినాదం లేదు, జెండా లేదు. నెత్తిన వేళాకోళంగా వేలాడే ఒక ఎర్ర కోసు మాత్రం ఉంది. 1942 ఫిబ్రవరిలో ట్రాండ్‌హైమ్ పోలీసులు ఆ టోపీని నిషేధించారు. తుపాకులున్న ప్రభుత్వం పిల్లల టోపీకి భయపడింది. నన్నడిగితే ఆ నిషేధం కన్నా ఆ టోపీయే గంభీరమైన వస్తువు.

మొన్నమొన్న 2017 జనవరి 21న అమెరికాలో స్త్రీల ఊరేగింపులో కనిపించిన గులాబీరంగు పిల్లిచెవుల టోపీ కూడా ఈ కోవలోదే. దాన్ని అల్లడం చాలా తేలిక: ఒక పొడుగాటి చతురస్రం అల్లి, మధ్యకి మడిచి, రెండు పక్కలా కుట్టెయ్యడమే. తలకి పెట్టుకోగానే రెండు మూలలూ చెవుల్లా లేచి నిలబడతాయి. స్త్రీలని అవమానించిన ఒక మాటనే తిప్పి చెవులుగా పెట్టుకున్నారు వాళ్ళు. అయితే, ఇది తెల్లజాతి ఆడవాళ్ళ టోపీ, మా బాధ ఇందులో లేదు అని నల్లజాతి స్త్రీలు చాలామంది దాన్ని పెట్టుకోలేదు. ఆ పెట్టుకోకపోవడాన్ని కూడా మనం గౌరవించాలి. ఎంత మంచి ఉద్దేశంతో అల్లినా, ఇంకొకరి తలకి బలవంతంగా తొడగడానికి వీల్లేదు.

మరి బుద్ధుడు ఏమన్నాడు? "భిక్షువులకి ఆటపాటలు నిషిద్ధం కదా" అని కొందరు అడ్డుపడతారు. నిజమే, నిషిద్ధమే. కానీ వినయ పిటకంలో ఆ నియమాలు ఏ సందర్భంలో వచ్చాయో కూడా చదవాలి. భిక్షువు మరొకరికి చక్కిలిగింతలు పెట్టకూడదని ఒక నియమం ఉంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. దాని వెనక కథ విడ్డూరం కాదు. ఆరుగురు భిక్షువుల జట్టు ఒకటి, చిన్నవాళ్ళ జట్టులోని ఒక భిక్షువుని పట్టుకుని చక్కిలిగింతలు పెట్టింది. అతను నవ్వీ నవ్వీ ఊపిరి అందక చచ్చిపోయాడు. పైనుంచి చూసేవాడికి అక్కడ నవ్వే కనిపిస్తుంది. లోపల జరిగింది ప్రాణం తియ్యడం. నవ్వు గురించి ధమ్మం అడిగే ప్రశ్న నాకు ఈ కథలో దొరికింది: ఆ నవ్వుతున్న మనిషికి "చాలు" అనే వీలు ఉందా?

బలాయి వాయిద్యగాడికి ఆ వీలు లేదు. నార్వేవాడికి ఉంది, పైగా అతను తన నవ్వుని తనే ఎంచుకున్నాడు.

ఇక గృహస్థుల మాట. మనం రోజూ చెప్పుకునే పంచశీలలో ఆటపాటల్ని మానెయ్యమని లేదు. అది ఉపోసథ రోజున తీసుకునే అష్టశీలలోది. సిగాలోవాద సుత్తంలో, ఆట ఎక్కడ, పాట ఎక్కడ అని వెతుక్కుంటూ తిరిగితే సంపద కరిగిపోతుందని హెచ్చరిక ఉంది. ఇంట్లో కూచుని మనవడికి టోపీ అల్లే ఆమె ఎక్కడికీ తిరగడం లేదు కదా! పైగా మంగళ సుత్తం చేతివిద్యని మంగళాల్లో లెక్కపెట్టింది. అంగుత్తర నికాయంలో నకులమాత అనే ఉపాసిక ఉంది. భర్త జబ్బుపడి మంచాన ఉంటే ఆమె ధైర్యం చెబుతుంది: నువ్వు దిగులుతో పోవద్దు, నాకు నూలు వడకడం వచ్చు, ఉన్ని చిక్కు తియ్యడం వచ్చు, పిల్లల్ని నేను పోషించుకోగలను అని. ఆ ధైర్యం ఆమెకి ఉన్ని ఇచ్చింది, దేవుడు కాదు. బుద్ధుడు ఆ ఇల్లాలిని మెచ్చుకున్నాడు.

కానీ నకులమాత చెప్పింది పొట్టకూటి పని. పిల్లిచెవుల టోపీ అలాంటిది కాదు. ఇక్కడ అసలు చిక్కు వస్తుంది, కాస్త ఆగి చూద్దాం.

మన ఆడవాళ్ళ చేతులకి పనికిమాలిన పని చేసే వీలు ఎన్నడైనా దొరికిందా? నాటు, కలుపు, కోత, దొడ్డి ఊడ్చడం, ఇంకొకరి అంట్లు. గోదావరి జిల్లాలో నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక సంగతి తీసుకోండి. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన విద్య అది. ఆ సున్నితమైన లేసులు సముద్రాలు దాటి ఎవరి బల్లల మీదో పరుచుకున్నాయి. అల్లిన ఆవిడకి నాలుగు డబ్బులు. మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో దీనిమీద పుస్తకమే రాసింది. ఆ స్త్రీలు రోజంతా అల్లుతున్నా వాళ్ళని "ఇంట్లో ఉండే ఆడవాళ్ళు", వాళ్ళ పనిని "తీరిక పని" అనడం వల్లే కూలి అంత తక్కువగా నిలిచిపోయిందని చూపించింది. అంటే తీరిక అనే పేరు వాళ్ళకి ఇచ్చారు, తీరిక ఇవ్వలేదు. అలాంటి చోట ఒక అమ్మమ్మ కూచుని, ఎవరూ అడగని, ఎవరూ కొనని, నాలుగు నెలలు పోతే పిల్లాడికి పట్టని ఒక కప్పకళ్ళ టోపీని రెండు వారాలు అల్లిందంటే, దాన్ని దండగ అనడానికి నాకు నోరు రావడం లేదు. ఆ రెండు వారాలూ ఆమెవే. ఆమె తరంలో అది కొత్త.

1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ మన స్త్రీలతో మాట్లాడినప్పుడు చీరకట్టు గురించి, బరువు నగల గురించి చెప్పారు. కులం ఫలానా అని కట్టు చూసి గుర్తుపట్టే పరిస్థితి పోవాలన్నది ఆయన ఉద్దేశం. ఆయన వేసుకున్న సూటూ అందుకే. మూతి ముడుచుకుని ఉండమని మాత్రం ఆయన చెప్పలేదు. కప్పకళ్ళ టోపీ చూసి ఎవరైనా కులం గుర్తుపట్టగలరా? పట్టలేరు. ఇక పెద్దల భయం ఏ మేరకి సరైనదో అక్కడే తేలిపోతుంది.

ఉన్ని వాడితే మొదటి శీలం తప్పుతుందా అని ఒక యువకుడు అడిగాడు. గొర్రె బొచ్చు కత్తిరిస్తే గొర్రె చావదు. మన కురుమలు గొంగళ్ళు నేసింది అలాగే. వినయంలో పట్టు కలిపిన కంబళ్ళని వద్దన్నారు, పట్టుపురుగులు చస్తాయని. అసలు మన బజార్లో ఊలు పేరుతో అమ్మేదాంట్లో చాలా వరకు అక్రిలిక్కే, గొర్రె మొహం కూడా చూసి ఉండదు. అల్లికే ధ్యానం అని ఇప్పుడు కొందరు అమ్ముతున్నారు కదా, దానితో కూడా నేను ఒప్పుకోను. కుట్లు లెక్కపెడుతూ పక్కింటి కోడలి గురించి చెడుగా అనుకోవచ్చు, సూదులేం అడ్డుపడవు. ఒక కుట్టు జారితే కిందిదాకా నిచ్చెనలా ఊడిపోతుంది కాబట్టి కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాం, అంతే.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. అది పిల్లల గురించి. మనకి ముద్దుగా ఉందని బడికి వెళ్ళే పిల్లవాడి నెత్తిన చెవుల టోపీ పెట్టి పంపెయ్యకూడదు. బడిలో వాడి ఇంటిపేరు చూసి నవ్వేవాళ్ళు ముందే ఉండొచ్చు. వాళ్ళ చేతికి ఇంకో సాకు ఇవ్వడం మనకి ఆట, వాడికి కాదు. ముందు అద్దం ముందు నిలబెట్టి వాణ్ణే చూసుకోనివ్వండి. వాడు పకపకా నవ్వి టోపీ తియ్యనని మొరాయిస్తే సరే. "వద్దు తాతా" అంటే మాత్రం వెంటనే తీసెయ్యండి, అలగొద్దు. అల్లిక టోపీలో ఒక సుఖం ఉంది. ముగించిన ముడి వెతికి విప్పి దారం లాగితే మొత్తం ఊడి వచ్చేస్తుంది. ఊడిన ఊలు మెలికలు మెలికలుగా ఉంటుంది. చిలపగా చుట్టి, తడిపి, నీడలో వేలాడదీస్తే సాగుతుంది. తర్వాత వాడికి ఏం కావాలో అడిగి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.