క్షమ వేరు, కావలి వేరు

ఆకలిగొన్నవారికి అన్నం పెట్టే చేతిని మనం పవిత్రంగా భావిస్తాము. ఆ చేయే బిడ్డకు కీడు చేస్తే? కంచే చేను మేస్తే ఇక కాచేదెవరు?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల శరణార్థి శిబిరాల గురించి ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ, సేవ్ ద చిల్డ్రన్ సంస్థ కలిసి 2002లో ఒక నివేదిక వెలువరించాయి. తిండిగింజలు, నూనె ఇస్తామని ఆశచూపి కొందరు సహాయ సిబ్బంది తమను లైంగికంగా వాడుకొన్నారని పిల్లలు అందులో చెప్పారు. 2003లో సమితి ప్రధాన కార్యదర్శి కఠినమైన నియమం విధించారు. స్థానిక చట్టం ఎలా ఉన్నా 18 ఏళ్లలోపు వారితో లైంగిక సంబంధం నిషిద్ధం. వయస్సు తెలియలేదన్న సాకు చెల్లదు.

నియమం వచ్చింది, మౌనం పోలేదు. 2010 భూకంపం తరువాత హయితీలో పనిచేసిన ఆక్స్‌ఫామ్ సిబ్బందిలో కొందరు డబ్బిచ్చి స్త్రీలతో వ్యభిచరించారని 2011లో ఆ సంస్థ దర్యాప్తులోనే తేలింది. నలుగురిని తొలగించారు, అక్కడి అధిపతితో సహా ముగ్గురిని రాజీనామాతో పంపివేశారు. ఆ అధిపతిని తరువాత బంగ్లాదేశ్‌లో మరొక సహాయ సంస్థ చేర్చుకొన్నది. 2018లో గాని ఈ సంగతి లోకానికి పూర్తిగా తెలియలేదు. ఆ స్త్రీలలో బాలికలూ ఉండవచ్చునన్న ఆరోపణను తగినంతగా పట్టించుకోలేదని 2019లో బ్రిటన్ ధార్మిక సంస్థల కమిషన్ తప్పుపట్టింది.

ఇటువంటివి దాచేవారు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది. సంస్థ పేరు పోతే చందాలు ఆగుతాయి, చందాలు ఆగితే పేదలు పస్తులుంటారు అని. వినడానికి వివేకంగానే ఉంటుంది. కాని మేలు కలుగుతుందని కీడు చేయరాదని పునీత పౌలుగారు రోమీయులకు బోధించారు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన చెడ్డ క్రియ మంచిది కాదని పునీత తోమాస్ అక్వినాసుగారు వివరించారు. పైగా ఆ మౌనానికి వెల చెల్లించేది సంస్థ కాదు. ఆ మనిషి తరువాత వెళ్లే చోట అతని చేతికి చిక్కే బిడ్డ.

"పశ్చాత్తాపపడినవానిని క్షమించవద్దా, ఫాదర్?" అని కొందరు అడుగుతారు. క్షమించాలి. కాని క్షమ పాపికి దొరికే వరం. బిడ్డల కావలి నమ్మకస్తునికి అప్పగించే బాధ్యత. మొదటిది ఇచ్చినవారు రెండవది కూడా ఇవ్వవలసిన పనిలేదు. జక్కయ్య కూడా నోటిమాటతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసికొన్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

మన విచారణలకు, బోర్డింగులకు కూడా విదేశాలనుండి సేవకులు వస్తుంటారు. ఎక్కువమంది మంచి మనసుతోనే వస్తారు. అయినా ఇంతకుముందు ఎక్కడ పనిచేశారో, ఎందుకు మానుకొన్నారో కనుక్కోవాలి. పిల్లలతో ఒంటరిగా ఉండనీయకూడదు. మంచివాడు ఇందుకు నొచ్చుకోడు. గురువులమైన మాకూ ఇదే కట్టుబాటు. అనుమానం కలిగితే పోలీసులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం శాసిస్తున్నది. 1098కి ఫోను చేయవచ్చు.

తల్లిదండ్రులారా! అన్నం పెట్టినవారిపట్ల కృతజ్ఞత చూపమని పిల్లలకు నేర్పండి. కృతజ్ఞత అంటే నోరు మూసుకొని ఉండడం కాదని కూడా నేర్పండి.