గాజుతొట్టిలో జీవదయ

జీవదయ జైన వర్తక కుటుంబములకు క్రొత్తగా నేర్పవలసిన విషయము కాదు. పావురములకు జొన్నలు చల్లుట, పింజరాపోలుకు చందా వ్రాయుట, నీరు వడగట్టి త్రాగుట పుట్టుకతో వచ్చిన అలవాట్లు. ఇందు సందేహమునకు చోటు లేదు. సందేహము వచ్చునది, పరీక్ష ప్యాసైన పిల్లవానికి బహుమానముగా ఒక గాజుతొట్టి, అందులో అరడజను రంగుచేపలు ఇంటికి వచ్చిన నాడు.

చెన్నై షావుకారుపేటలో ఒక ఇంట సరిగా ఇదే జరిగినది. క్రింద కొట్టు, పైన కాపురము. అదే నగరములో కొళత్తూరు ప్రాంతమున సిమెంటు తొట్లలో రంగుచేపలు పెంచి అమ్ము కుటుంబములు చాల ఉన్నవి. చేపలు అక్కడివే. గప్పీలు, మూడు ఆడవి, మూడు మగవి. నెల తిరుగకమునుపే తొట్టి నిండ కనురెప్ప వెండ్రుకలంత పిల్లలు. మరునాటికి సగము లేవు. కన్నతల్లులే తినివేసినవి.

నాయనమ్మ అది చూచి ఆ పూట భోజనము మానుకొన్నది. "పంచేంద్రియ జీవులురా నాయనా ఇవి. ఈ పాపం మనకెందుకు? తీసుకుపోయి ఏ చెరువులోనైనా వదిలిపెట్టిరా" అన్నది మనుమనితో.

"మనం తినటం లేదు, అమ్మటం లేదు. వేళకు మేత వేస్తున్నాం. ఇందులో పాపమేముందమ్మా?" అన్నాడు కొడుకు.

ఇద్దరిలో ఎవరిది న్యాయము?

కొడుకు మాట త్వరగానే తేలిపోవును. అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో బంధము, అనగా జీవిని కట్టి ఉంచుట, ఉండనే ఉన్నది. కట్టినది త్రాడైతే నేమి, గాజైతే నేమి? మేత వేసినంత మాత్రమున ఆ పద్దు చెల్లిపోదు.

నాయనమ్మ మాట అంత తేలికైనది కాదు. ఆమె దయ నిజమైనది. చూపిన దారి మాత్రము మంచిది కాదు. గప్పీ ఈ దేశపు చేప కాదు. వెనిజులా, ట్రినిడాడ్ ప్రాంతముల వాగులు దాని పుట్టిల్లు. 1859లో జర్మను పండితుడు పీటర్స్ దానికి శాస్త్రనామము పెట్టెను. తరువాత ట్రినిడాడ్ నుండి నమూనాలు పంపిన గప్పీ దొర పేర 1866లో లండనులో మరల ఒక పేరు పెట్టిరి. శాస్త్రములో నిలిచినది మొదటి పేరు, జనుల నోట నిలిచినది రెండవది. దోమపిల్లలను తినునని గప్పీని, దానికి దాయాది యైన గంబూసియాను మనుష్యులు దేశదేశములకు కొనిపోయిరి. గంబూసియా 1928లో భారతదేశమునకు వచ్చినది. అది దోమపిల్లలతో ఆగక కప్పపిల్లలను, ఇతర చేపల గుడ్లను, పిల్లలను కూడ తినునని అనేక దేశములలో తేలినది. గప్పీ అంత దుడుకుది కాదు గాని, సంతానము పెంచుటలో తక్కువది కాదు. ముప్పది ప్రాణములను విడిచితిమను తృప్తి ఇంటివారికి. దాని ఖర్చు చెరువులోని పేరు తెలియని చిన్నచేపలకు. ఒకరి పుణ్యపు పద్దు మరొకరి ఖాతాలో వ్రాయుట వర్తకులు ఒప్పుకొనరాదు.

ఉంచినచో పిల్లలను తల్లి తినును. విడిచినచో ఆ పిల్లలు ఇతరుల పిల్లలను తినును. ఇక మిగిలిన ఉపాయము పుట్టుకనే ఆపుట. దానికి ఆడ మగ గుర్తించు కన్ను కావలెను.

ఈ జాతి చేపలు గుడ్లు పెట్టవు. గుడ్డు తల్లి కడుపులోనే పిల్లయై వెలువడును. (ఇది అండజమా, పోతమా అను చర్చ శాస్త్రము చదివినవారికి విడువవచ్చును.) ఇంచుమించు నాలుగు వారములకు ఒక ఈత, ఈతకు పది మొదలు వంద దాకా పిల్లలు. గప్పీలో మగది చిన్నది, రంగులది. ఆడది పెద్దది, వెలవెలబోయినది. దాని పొట్ట చివర నల్లని మచ్చ ఉండును. కాని రంగు వచ్చుదాక ఆగినచో ఆలస్యమే. చూడవలసినది పొట్ట వెనుక క్రింది రెక్క. ఆడదానికి అది విసనకఱ్ఱ వలె విప్పుకొని ఉండును. మగదానికి సన్నబడి పుల్లవలె అగును. గప్పీ, ప్లాటీ, మాలీ, స్వోర్డ్‌టెయిల్ అన్నిటికిని ఇదే గురుతు. స్వోర్డ్‌టెయిల్‌లో కొన్ని మగవి చాల ఆలస్యముగా తేలును. తోకకు కత్తి లేదని వానిని ఆడవాటితో కలిపి ఉంచి మోసపోయినవారు కలరు. నెల నిండక ముందే పిల్లలను వేరు చేయవలెను. ఒక్కసారి మగదానితో కలిసిన ఆడది ఆ బీజమును కడుపులో దాచుకొని, తరువాత ఒంటరిగా ఉన్నను నెలల తరబడి ఈనుచుండును. తల్లిని వేరుచేసితిమి, ఇక నిశ్చింత అనుకొనుట పొరపాటు.

దయకన్న ముందు తెలివిడి కావలెనని జైన కుటుంబములు పెద్దల వద్ద వినియే ఉన్నవి. సరుకు గుర్తుపట్టలేని వాడు ఆ వ్యాపారము చేయరాదు. ఆడ మగ గుర్తుపట్టలేని వాడు ఈ చేపలు ఉంచుకొనరాదు.

ఇదే కన్ను సంకరము చేయువారికిని కావలసినదే. 1920లో కోపెన్‌హేగన్ నగరమున ష్మిట్ అను పండితుడు గప్పీలలో ఒక మచ్చ తండ్రి నుండి కొడుకునకే వచ్చునని, కూతుళ్లలో కానరాదని చూపెను. గోత్రము వలెనే. ఇట్టి సంగతులు తెలిసిన పిమ్మట రంగుల కొరకు జతలు కట్టుట ఒక విద్య అయినది. మెక్సికో, మధ్య అమెరికా వాగులలోని ప్లాటీని, స్వోర్డ్‌టెయిల్‌ను తొట్టిలో కలిపిరి. నేడు అంగడిలో కనబడు ఎఱ్ఱని స్వోర్డ్‌టెయిల్ ఎరుపు చాలవరకు ప్లాటీ ఇచ్చినదే.

అయితే 1920ల చివర జర్మనీలో కోస్విగ్, అమెరికాలో మైరన్ గోర్డన్ ఒక వింత గమనించిరి. నల్లమచ్చల ప్లాటీని స్వోర్డ్‌టెయిల్‌తో కలిపి, ఆ పిల్లలను మరల స్వోర్డ్‌టెయిల్‌తో కలిపినచో, కొన్ని పిల్లలలో ఆ మచ్చ పెరిగి పెరిగి పుండై ప్రాణము తీయును. అది క్యాన్సరు. మచ్చ ప్లాటీది, ఆ మచ్చను అదుపులో పెట్టు గుణమును ప్లాటీదే. సంకరములో కొన్నిటికి మచ్చ వచ్చి అదుపు రాలేదు. ఆ మచ్చను పుండు చేయు జన్యువును 1989లో పట్టుకొనిరి. మనుష్యుల క్యాన్సరును అర్థము చేసికొనుటకు ఆ చేపలు తోడ్పడినవి. అందుచేత దీనిని కేవలము దోషమని కొట్టివేయుటయు కష్టమే.

సంకరమే పాపమనుటయు సరికాదు. అమెజాన్ మాలీ అను చేప రెండు జాతుల కలయిక వలన ప్రకృతిలోనే పుట్టినది; అందులో అన్నియు ఆడవే. ఆ సంగతి 1932లో తెలిసినది. దానికి మనుష్యుని చేయి అక్కరలేకపోయినది. ప్రశ్న ఎవరి కొరకు కలుపుచున్నారన్నది. బెలూన్ మాలీ అని ఒకటి అంగడిలో అమ్ముదురు. వెన్ను వంకరపోయి, పొట్ట బంతివలె ఉబ్బిన చేప. ముచ్చటగా ఉన్నదని ఆ వంకరనే తరతరములు ఏరి పెంచిరి. కత్తి పట్టకుండ చేసిన ఛవిచ్ఛేదము అనక దీనిని ఏమనవలెను? దానిని కొనువాడు పెంచువానికన్న తక్కువ బాధ్యుడా?

ఏరుట అన్న మాటలోనే మరొకటి ఉన్నది. మంచి రంగు నిలుపవలెనన్న ఈతలో నాలుగైదింటిని ఉంచుకొని మిగిలినవి తీసివేయుదురు. వానిని పెద్ద చేపలకు మేతగా వేయుట ఆ వృత్తిలో ఉన్న పద్ధతియే. అంగడిలో మెరయు జత ధరలో కానరాని ఆ మిగిలినవాటి ప్రాణములును కలిసియున్నవి. పట్టు పురుగులను తలచి పట్టుబట్ట మానిన ఇండ్లలో ఈ లెక్క ఎవరును అడుగకపోవుట ఆశ్చర్యమే.

షావుకారుపేట ఇంట చెరువు మాట మానిరి. రెండవ తొట్టి కొన్నారు. పిల్లవాడు ప్రతి ఆదివారము గాజుగ్లాసుతో ఒక్కొక్క పిల్లను పట్టి, వెలుతురుకు ఎత్తి, క్రింది రెక్క చూచి వేరుచేయుట నేర్చెను. తల్లి చేపలు ఒంటరిగా ఉండియు మరి మూడు ఈతలు ఈనినవి. ప్రతి ఈతకు పిల్లలు దాగుటకు నాచు వేసి, లెక్క పుస్తకములో వ్రాయించినది నాయనమ్మే. ఉన్నవి తమ ఆయువు తీరువరకు ఉండవచ్చును, క్రొత్తవి కొనరాదని ఆమె షరతు. మనుమడు ఒప్పుకొన్నాడు. కొడుకు మాత్రము, ఖాళీ తొట్టి హాలులో బాగుండదని ఇంకను వాదించుచున్నాడు.