చేతి గడియారం, అప్పులేని సుఖం

మన పల్లెల్లో ఈమధ్య ఒక వాదన తరచుగా వినబడుతోంది. కుర్రాడు ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కముందే ఖరీదైన వాచీ కొంటాడు. పెద్దవాళ్లు "ఇది తృష్ణ కాదటరా? బుద్ధుడు వదలమన్నది దీన్నే కదా" అంటారు. "బాబాసాహెబ్ సూటు వేసుకోలేదా పెద్దయ్యా? మనం ఎప్పటికీ చవకవే పెట్టుకోవాలా?" అని వాడు తిరిగి అడుగుతాడు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. అందుకని ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు.

ముందు వస్తువును చూద్దాం. ప్రభుత్వ సంస్థ హెచ్.ఎం.టి., జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగుళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. వాటిల్లో 'జనతా' అనే కీ వాచీ పేరుకు తగ్గట్టే జనం వాచీ. 2016లో ఆ వాచీల కంపెనీ మూతకు కేంద్రం ఆమోదం తెలిపింది. పొద్దున్నే కీ ఇస్తే లోపలి స్ప్రింగు బిగుస్తుంది. అది విప్పుకునే బలంతో పళ్లచక్రాలు తిరుగుతాయి. బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ బలాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. జనతాలో ఈ ఊపు గంటకు 18,000 సార్లు. లక్షలు పోసి కొనే రోలెక్స్‌లోనూ ఇదే సూత్రం, ఊపు 28,800. రోలెక్స్ రోజుకు 2 సెకన్లకు మించి తప్పకూడదని ఆ కంపెనీ పెట్టుకున్న లెక్క. జనతా అర నిమిషం అటూ ఇటూ పోయినా ఎవరూ తప్పుపట్టరు. కాబట్టి పనితనంలో తేడా లేదనడం అబద్ధం.

అయితే కొన్ని వందల రూపాయల బ్యాటరీ వాచీ నెల మొత్తానికి తప్పేది 15, 20 సెకన్లే. సరిగ్గా టైము చూపడంలో అది రోలెక్స్‌నే దాటేస్తుంది. దాన్లో సెకనుకు 32,768 సార్లు కంపించేది క్వార్ట్‌జ్, అంటే స్ఫటికం జాతి రాయి. మన రేపల్లె దారిలో భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో తవ్వినప్పుడు ధాతువులు దొరికింది కూడా స్ఫటిక భరిణెలోనే! ఇక డయలు మీద '17 జ్యూయెల్స్' అని రాసి ఉంటే అది నగ అనుకోకండి. అవి అరుగుదల తగ్గించడానికి పెట్టే కృత్రిమ కెంపులు.

అంటే ఆ లక్షలు కొనిపెట్టేది టైము కాదు. కొంత పనితనం, చాలావరకు ఎదుటివాడి చూపు. ఇక్కడే మన సంగతి ఇతరుల సంగతిలాంటిది కాదు. ఇస్త్రీ చొక్కా, కాలికి చెప్పు, చేతికి వాచీ మనవాడి ఒంటి మీద కనబడితే దాన్నే నేరంగా చూసిన ఊళ్లున్నాయి. చుండూరు తెనాలి పక్కనే. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మందిని చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న చిన్న గొడవతో మొదలైంది, దాని వెనక ఉన్నది మనవాళ్లు తలెత్తుకు తిరగడం మీద కంటగింపు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ మన స్త్రీలకు చీర కట్టు మార్చుకోమని, కులం ఆనవాలుగా ఉన్న బరువైన నగలు తీసేయమని చెప్పారంటే ఊరికే చెప్పలేదు. పేదరికాన్ని పవిత్రం చేసే మతం మతమే కాదన్న భావం 1950లో ఆయన రాసిన వ్యాసంలో ఉంది. అందుచేత మంచి వాచీ పెట్టుకున్న మన కుర్రాణ్ణి చూసి 'తృష్ణ' అని ముద్ర వేయడానికి నేను ఒప్పుకోను.

బుద్ధుడు గృహస్థును దరిద్రంగా బతకమనలేదు. అనాథపిండికుడికి ఆయన నాలుగు సుఖాలు చెప్పాడు: న్యాయంగా సంపాదించుకున్నది ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, నింద లేని నడవడి. మొదటి మూడూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతుకు రావన్నాడు. కుర్రాడి వాచీని ఈ నాలుగింటితో తూచి చూడండి. కష్టపడి సంపాదించాడు, అమ్మానాన్నలకు ఇవ్వాల్సింది ఇచ్చాడు, దానం చేశాడు, మిగిలిన దాంతో కొనుక్కున్నాడు. అందులో తప్పేముంది? పెట్టుకోనివ్వండి. అదే వాయిదాల మీద కొన్నాడనుకోండి, మూడో సుఖం పోయింది. వాచీ చేతికి ఉంటుంది, నెలనెలా ఫోను మోగితే గుండె దడ. బజారులో నకిలీ రోలెక్స్ కొని అసలుదేనని చెప్పుకు తిరిగితే నాలుగో శీలమే పోయింది. అసలుదైనా సరే, అది చూపిస్తేనే తనకు విలువ అనుకుంటే, ఆ విలువ ఇంకా ఎదుటివాడి చేతిలోనే ఉన్నట్టు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. పెళ్లి మాటల్లో కట్నంతో పాటు 'అల్లుడికి వాచీ' అనే మాట ఇంకా పోలేదు. ఒకప్పుడు కీ వాచీ అడిగారు, ఇప్పుడు కంపెనీ పేరు చెప్పి అడుగుతున్నారు. త్రిశరణ పంచశీలాలు చెప్పి, బుద్ధుడి ముందు కొవ్వొత్తి వెలిగించి చేసే పెళ్లిలోనూ అంతే. ఆ పిల్ల తండ్రి కాకుమాను చేలల్లో మినుము పీకుడు కూలికి వెళ్లేవాడే అయ్యుంటాడు. ఆ వాచీ కోసం ఆయన ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చాడో అల్లుడు ఒక్కసారైనా అడిగాడా?