షుగరు రోగి రోజా

రంజాన్ దగ్గరపడితే హైదరాబాద్ పాతబస్తీలో షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడిగేది ఒకటే: రోజా (ఉపవాసం) ఉండొచ్చా?

ఖురాన్ రెండో సూరా రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు ఇచ్చింది. విడిచిన రోజాలు తర్వాత ఉండొచ్చు. కోలుకునే ఆశ లేనివారు పేదలకు అన్నం పెట్టొచ్చు. అయినా చాలామంది మానరు. దేవుడే ఇచ్చిన సడలింపును కాదనడం భక్తా, పంతమా? ఏకాదశినాడు మాత్రలు కూడా మానేసే బామ్మలదీ ఇదే వరస!

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగరు పడిపోయే ముప్పు తక్కువ. గ్లిబెన్‌క్లమైడ్, ఇన్సులిన్ వాడేవారికి ఎక్కువ. మోతాదు, వేళలు నెల ముందే డాక్టరుతో మార్పించుకోవాలి. వేలు గుచ్చి పరీక్షించుకుంటే రోజా చెడదని ఎక్కువమంది ఉలేమాల (మత పండితుల) మాట.

రీడింగు 70కి తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలి, ఇఫ్తార్‌కు పది నిమిషాలే ఉన్నా సరే.