కొట్టు తెరచిన చేయి ఏమి తీసికొనెను?

ధ్యాన భాగము: ఆదికాండము 41:46–57, 47:13–26



2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైన దినములను మనమింకను మరువలేదు. మందిరముల తలుపులు మూయబడెను. ఆ యేటి ఈస్టరు ఆరాధన ఇండ్లలోనే జరుపుకొంటిమి. అయితే గోదావరి డెల్టాలో దాళ్వా చేను మన కొరకు ఆగలేదు. ఎప్పటివలె కోతకు వచ్చెను. కొద్ది దినములలోనే ప్రభుత్వము పొలము పనులకు అనుమతి ఇచ్చెను. ధాన్యము గట్టెక్కెను. దేవునికి స్తోత్రము.

కాని పంట పండుటయు, ప్రతివాని కంచములో అన్నముండుటయు ఒకటి కాదు. ధాన్యము నిలువ యుండును. అరటిగెల నిలువ యుండదు. లారీలు తిరుగక, కొనువారు లేక, లంకలలో అరటి వేసిన కౌలు రైతు నష్టపోయెను. కూలికి పోవువాని పని ఆగిపోయెను. ఏప్రిల్ నుండి మనిషికి నెలకు 5 కిలోల ఉచిత బియ్యము వచ్చెను గనుక అనేకుల పొయ్యి ఆరలేదు. పప్పు, నూనె, మందులు మాత్రము అప్పు మీదనే వచ్చెను.

ఆ కాలమందే బియ్యపు వర్తకము పెరిగెను. తన ప్రజలకు చాలదేమోనని వియత్నాం 2020 మార్చిలో ఎగుమతులకు అడ్డు వేసి, మే నెలలో తీసివేసెను. మన దేశమో, 2019–20లో సుమారు 95 లక్షల టన్నులు పంపగా, 2020–21లో సుమారు 177 లక్షల టన్నులు పంపెను. కాకినాడ యాంకరేజి పోర్టు చాలక, 2021 ఫిబ్రవరిలో డీప్ వాటర్ పోర్టునుండి కూడ బియ్యము పంపుటకు అనుమతి ఇయ్యవలసి వచ్చెను. ఇది పాపమా? కాదు. దూరదేశపు బిడ్డ ఆకలి కూడ ఆకలియే. యోసేపు సహితము కొట్లు తెరచి అమ్మినవాడే, పరదేశులకును అమ్మెను.

అయితే 47వ అధ్యాయమును మనము సాధారణముగా దాటిపోవుదుము. ఐగుప్తీయులు ధాన్యము కొరకు మొదట వెండి ఇచ్చిరి, తరువాత పశువులనిచ్చిరి, చివరకు పొలములను, తమ్మును అమ్ముకొనిరి. ప్రాణము దక్కెను గాని భూమి దక్కలేదు. అన్నము పెట్టిన చేయి ఏమి తీసికొనెనో దానిని కూడ లేఖనము దాచలేదు.

“ఒప్పందము ఒప్పందమే గదా, మాకును ఖర్చులున్నవి గదా” అని భూమిగలవారు అడుగవచ్చును. అది నిజమే, కౌలు డబ్బు మీదనే బ్రదుకు విధవరాండ్రును మన సంఘములలో ఉన్నారు. అయినను ఒక సంగతి చూడుడి. ఆ ఐగుప్తులో సహితము యోసేపు విత్తనమిచ్చి, పంటలో అయిదవ వంతే తీసికొనెను. మన డెల్టాలో కౌలు అంతకంటె ఎక్కువేనని మనమెరుగుదుము. విత్తనము రైతుదే, నష్టమును రైతుదే. ఇక లేవీయకాండము 25వ అధ్యాయము మరింత ముందుకు పోవుచున్నది: బీదవాడైన సహోదరునియొద్ద వడ్డీ తీసికొనవద్దనియు, అతని ఆకలిని లాభముగా చేసికొనవద్దనియు దాని బోధ.

భూమిగలవారము, కౌలు చేయువారము, కూలికి పోవువారము ఒకే బల్లయొద్దకు వచ్చుచున్నాము. ఆ తెగులు కాలపు అప్పు ఇంకను మన లెక్కల పుస్తకములో ఎవరి పేరుననైనను నిలిచి, వడ్డీతో పెరుగుచున్నదా? రాబోవు బల్లారాధనకు ముందు ఆ పుట తీసి, దేవుని యెదుట ఒకసారి చదువుకొందము. ఏమి కొట్టివేయవలెనో ఆయనే చూపును గాక. ఆమేన్.