దాహము సడలుట, దాహము తీరుట
(యోహాను 4:5–30)

ఢిల్లీలో ధౌలా కువాన్ అను కూడలి కలదు. రేయింబవళ్లు వంతెనలపై వాహనములు పరుగిడు ఆ చోట బావి ఎవరికి స్ఫురించును? అయినను ఆ పేరునకు తెల్లని బావి అని అర్థము. ధౌలా అనునది ధవళ శబ్దమునకు చుట్టమే. 1961లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర కళాశాల అచ్చటనే యుండుటచే తెలుగు విద్యార్థులకు ఆ పేరు క్రొత్తది కాదు.

బావి యనగానే దాహము. దాహమును గూర్చి ఆంగ్లమున అరుదుగా వాడు క్రియ యొకటి కలదు: స్లేక్. దాహము తీర్చుట అని నిఘంటువు చెప్పును. కాని అది పుట్టినది స్లాక్ అను మాటనుండి, అనగా వదులు. బిగిసిన త్రాడు వదులగును, తెగదు. తెలుగువాడు ఇంకను ధైర్యశాలి. అప్పు తీరినదన్న నోటనే దాహమును తీరినదనును. తీరిన అప్పు మరల గుమ్మమెక్కదు. దాహమో, సాయంకాలమునకే వాకిట నిలుచును. యాకోబు బావినీరు త్రాగినవారిని దప్పిక విడువదని యేసు సమరయ స్త్రీకి తెలిపినది ఇందుకే.

ఈ క్రియకు వేరొక వాడుక సున్నపు పనివారిది. బట్టీలో కాల్చిన సున్నపురాయి ఆరిన పిమ్మట చేతికి చల్లగానే యుండును. నీరు పోయగానే బుసకొట్టి, కుతకుత ఉడికి, పగిలి, తెల్లని మెత్తని సున్నమగును. ఆ పనియు స్లేక్ చేయుటయే. ఆ వేడి నీటిది కాదు, రాయి బట్టీలో పుచ్చుకొన్నది. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్ట కట్టించినప్పుడు రాళ్లను కలిపి పట్టినది ఇట్టి సున్నమే. మంచి మేస్త్రి దానిని దినములకొలది నాననిచ్చును. నీరు సోకని పలుకు ఒక్కటి గోడలో మిగిలినను, అది పిమ్మట చెమ్మ పీల్చి, ఉబ్బి, పైపూతను పగులగొట్టును.

సమరయ స్త్రీ కోరినది సడలింపు మాత్రమే: చేదుటకు ఇంత దూరము మరల రాకుండునట్లు నీళ్లు. ప్రభువు ఆమె భర్తను పిలుచుకొని రమ్మనెను. ఇది మాట మార్చుట యని కొందరికి తోచును. కాదు, నీరు పలుకును సోకినది. అయిదుగురు భర్తల కథయు, ఇప్పుడున్నవాని సంగతియు ఆమె ఎన్నాళ్లుగానో లోపల మోసిన వేడి. వెంటనే ఆమె ఈ పర్వతమా, యెరూషలేమా అని ఆరాధనా స్థలమును గూర్చి వాదము తెచ్చెను. గాయమును కప్పుకొనుటకు మతవాదమంత చక్కని దుప్పటి లేదు! ఆయన ఆ ప్రశ్నకును ఓపికతో బదులు చెప్పెను, గాని ఆమెను విడువలేదు.

ఊరు విడిచి రాజధాని చేరి, ఇల్లు, జీతము, పిల్లల చదువు సమకూర్చుకొన్న విశ్వాసి లోపల ఏ పలుకు ఉబ్బుచున్నదో ఇరుగుపొరుగువారు ఎరుగరు. తమ్మునితో ఇరువది యేండ్లుగా మాటలు లేకపోవుట కావచ్చును. ప్రతి ఆదివారము ప్రసంగము దాని ప్రక్కగా పారిపోవును, అతడు అటు పారనీయడు గనుక.

ఆ స్త్రీ కుండను అక్కడనే విడిచి ఊరిలోనికి పోయెను. ఏ సంగతి ఎత్తినచో తలవంచుకొనవలసి యుండెనో ఆ సంగతినే ముందుగా ఎత్తి, తాను చేసినదంతయు ఎరిగినవాడు బావియొద్ద కూర్చుండియున్నాడని ఊరివారితో చెప్పెను.