హక్కా, ఖైరాతా?

రంజాన్ ఆఖరి పది రోజులొస్తే మా అమ్మీ నన్ను వెంటబెట్టుకొని ఒక సేఠ్ ఇంటి ముందు లైన్లో నిలబడేది. అమ్మీ బీడీలు చుట్టేది. వెయ్యికి ఇంతని కూలి. బాగాలేవని తీసేసిన కట్టలు పోను మిగిలిందే చేతికి. రోజా ఉండి మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడితే సేఠ్ కొడుకు బయటికొచ్చేవాడు. ఒకరే రెండుసార్లు తీసుకుంటున్నారేమోనని బుర్ఖాలు పైకెత్తించి మొహాలు చూసి, ఒక చీర, ఒక నోటు చేతిలో పెట్టేవాడు. అది జకాత్.

"మనం ఫకీర్లమా అమ్మీ?" అని ఒకసారి అడిగాను. "ఖైరాత్ నై రే, అపనా హక్ హై" అంది. దానం కాదు, మన హక్కు. అనడమైతే అంది గానీ, ఇంటికొచ్చేదాకా తల ఎత్తలేదు.

చాలా ఏళ్లకు, 2007లో వెనుకబడిన ముస్లిం తెగలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు, నేను పనిచేసే పత్రికలో ఒక మిత్రుడు నవ్వుతూనే అన్నాడు: "మేం టాక్సులు కడతాం, మీరు తింటారు." అతని జీతం, నా జీతం ఒకటే. ఇద్దరికీ కోసే పన్నూ ఒకటే. మరి అతను కట్టేవాడు, నేను తినేవాణ్ణి ఎట్లా అయ్యాం? మళ్లీ అదే నోటితో మమ్మల్ని నవాబుల వారసులంటారు. మా తాత ఏకే విల్లు భుజానేసుకొని ఊరూరా దూది ఏకినవాడు. నవాబుగిరీ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు, పాపం.

పన్ను కట్టేదెవరో ఒకసారి చూద్దాం. అమ్మీ జన్మలో ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసు మొహం చూడలేదు. కానీ 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన నాటి నుంచి 2025 సెప్టెంబర్ దాకా ఆమె కొన్న ఒంటి సబ్బు మీద 18 శాతం పన్ను. అదే కాలంలో సేఠ్ ఇంట్లో కొన్న బంగారం మీద 3 శాతం. ఆ తర్వాత సబ్బు 5 శాతానికి దిగింది, సంతోషం. బంగారం మాత్రం 3 దగ్గరే ఉంది. సబ్బు కొన్న మనిషికి రసీదు లేదు, రిటర్ను లేదు, 'టాక్స్ పేయర్' అన్న బిరుదూ లేదు. వారసత్వ ఆస్తి మీద ఉన్న ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. 1957 నాటి సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. అప్పుడు ఎవరు తిన్నట్టు?

కష్టపడి సంపాదించుకున్నది సర్కారుకెందుకివ్వాలని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి షరియత్ లెక్కలో ఒక జవాబుంది. అది చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. భూమిలో పాతిన నిధి దొరికితే అయిదో వంతు ఇవ్వాలి. వానకు పండిన పంటలో పదో వంతు. నీళ్లు తోడి పోసి పండించిన పంటలో ఇరవయ్యో వంతు. కష్టం ఎంత తక్కువైతే వాటా అంత ఎక్కువ. మన దేశంలో ఇది తలకిందులు. జీతం పెరిగి పై శ్లాబుకు చేరితే 30 శాతం. షేర్లు కొని ఏడాది దాటాక అమ్ముకుంటే, 2024 జూలై నుంచి, 12.5 శాతం. ఒళ్లొంచిన వాడికంటే డబ్బును నిద్రపుచ్చి లేపినవాడు నయమని రాజ్యమే చెబుతోంది.

అట్లాగని మావాళ్లు మీసం తిప్పడానికేం లేదు. ఏడాది పాటు నిలవున్న సంపదలో రెండున్నర శాతం ఇమ్మన్న మాట నిజమే. కానీ అది ఎవరి చేత్తో ఇవ్వాలి? తొలి ఖలీఫా అబూబకర్ కాలంలో, 632లో, జకాత్ ఎగ్గొట్టడాన్ని తిరుగుబాటుగా చూశారు. దాన్ని వసూలు చేయడానికి ఆమిల్‌లు ఉండేవారు. జకాత్ చెందే ఎనిమిది వర్గాల్లో వాళ్లకూ చోటుంది. అంటే అది పన్నే. పేదవాడు ఇచ్చేవాడి గడప తొక్కనక్కర్లేదు. మనం దాన్ని లైనుగా, చీరగా, దువాగా మార్చేశాం. పెట్టేవాడు మనిషిని ఎంచుకున్నాడంటే, పుచ్చుకునేది మొహం చూపించాల్సిందే.

సర్కారు చేతికిస్తే మింగేస్తారంటారు. విలేకరిగా అట్లాంటి వార్తలు నేనూ రాశాను, కాదనను. కానీ సేఠ్ కొడుకు వార్త ఎవరు రాశారు?

పోయిన రంజాన్‌లో ఇంట్లో లెక్క వేసుకున్నాం. నిసాబ్ 7.5 తులాల బంగారం, లేదా 52.5 తులాల వెండి. ప్రవక్త కాలంలో ఈ రెండింటి విలువా దాదాపు ఒకటే. ఇప్పుడు బంగారం కొలత ఎన్నో రెట్లెక్కువ. "బంగారం లెక్కన మనం ఇవ్వనక్కర్లేదు కదా" అంది మా ఆవిడ. అది బతకనేర్చిన లెక్క, నాకూ నచ్చింది. రెండు రోజులు ఊగిసలాడి వెండి లెక్కే వేశాం. ఎవరి చేతిలోనూ పెట్టలేక మసీదు కమిటీకి ఇచ్చాను. రసీదు మీద పేరేం రాయమంటారన్నాడు అక్కడి కుర్రాడు. వద్దన్నాను. పేరు లేకపోతే లెక్క కుదరదన్నాడు. అమ్మీ పేరు రాయించాను.